గోలకొండ రణభూమి: కుంట ఎవరిది, తూము ఎవరిది?

సికిందరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజమార్గమున, హకీంపేట దాటిన పిమ్మట, శామీరుపేట చెరువు చేరకమునుపే తూంకుంట యను ఊరు వచ్చును. ఊరి పేరులోనే రెండు మాటలున్నవి: తూము, కుంట. కుంట యనగా నీరు నిలుచు చోటు. తూము యనగా ఆ నీటిని పొలములకు విడుచు ద్వారము. ఈ రెండింటిలో ఏది ముఖ్యమని రైతునడిగినచో నవ్వి ఊరకుండును. తూము లేని కుంట పైరుకు పనికిరాదు. కుంట లేని తూము దేనికిని పనికిరాదు. అయినను ఊళ్లలో తగవులు పుట్టినప్పుడు అవి కుంటను గూర్చి పుట్టవు, తూమును గూర్చియే పుట్టును. నీరు అందరిదని అందరును ఒప్పుకొందురు. తూము ఎవరిచేతిలో నున్నది, ఎప్పుడు ఎత్తుదురు, ఎవరి మడికి ముందు విడుతురు, అనునదే పేచీ.

నేటి ప్రసంగమునకు విషయము చెరువు కాదు, ఒక యుద్ధభూమి. పూర్వము యుద్ధము జరిగిన చోటికి నేడు వచ్చు యాత్రికునకు త్రోవ చూపి, కథ చెప్పి, కొంత నీడనిచ్చు సందర్శక కేంద్రమును ప్రభుత్వమును, ప్రభుత్వేతర సంస్థలును కలిసి నిర్మించుట మంచిదా, కాదా? మంచిదైనచో ఏ నియమములతో మంచిది? ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు మేము తూంకుంట నుండి నగరమును అడ్డముగా దాటి గోలకొండకు పోయితిమి. దారి పొడవునను మా ఊరి గుట్టలవంటి గుట్టలే కనబడినవి. ఈ నల్లసేనపు రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. గోలకొండ కోటగోడలు ఈ జాతి రాతితోనే కట్టినవి. కావున ఆ కోట మనకు పరాయిది కాదు. మన పెరటి బండకు అది జ్ఞాతియే.

కోటకు ఉత్తరముగా, బంజారా దర్వాజాకు సుమారు ఒక కిలోమీటరు దూరమున కుతుబ్ షాహీ సుల్తానుల సమాధులున్నవి. 106 ఎకరముల ఆవరణలో సమాధులు, మసీదులు, మెట్ల బావులు, శవములకు అంత్యస్నానము చేయించు స్నానశాల మొదలైన కట్టడములు నూటికి మించి కలవు. సామాన్యముగా యాత్రికులు దీనిని ప్రశాంతమైన తోటగా తలతురు. కాని 1687లో మొగలు సేనలు కోటను ముట్టడించినప్పుడు ఈ సమాధులే వారికి విడిదులైనవి. ఈ కట్టడముల మీదనే ఫిరంగులు నెలకొల్పి కోటపై కాల్చిరి. చనిపోయిన రాజుల నీడనుండి బ్రతికియున్న రాజుపై గుండ్లు కురిసినవి. కావున ఇది తోటయు, శ్మశానమును మాత్రమే కాదు, రణరంగము కూడ.

ఆ యుద్ధకథను కొంచెము వివరముగా జ్ఞాపకము చేసికొందము. ఏలననగా, చెప్పవలసిన కథ యేదో తెలియనిదే అది చెప్పు కేంద్రము ఎట్లుండవలెనో తెలియదు.

మొగలులకును గోలకొండకును వైరము ఒక్కనాటిది కాదు. 1636లోనే అబ్దుల్లా కుతుబ్ షా షాజహాను చక్రవర్తికి లోబడి కప్పము కట్టుటకు ఒప్పుకొనెను. 1656లో దక్కను సుబేదారుగా నున్న ఔరంగజేబు మీర్ జుమ్లా వ్యవహారమును సాకుగా తీసికొని కోటను ముట్టడించెను. తండ్రి ఆజ్ఞవలన నాడు వెనుకకు మరలవలసివచ్చెను. ఆ దెబ్బ తిన్న పిమ్మట గోలకొండవారు కోటను మరింత బలపరచిరి. మూసా బురుజు అట్లు వెలసినదే. సేనాని మూసాఖాను పేర దానిని 1666లో నిర్మించిన స్థపతి ధర్మాచారి అని శాసనము చెప్పుచున్నది. సుల్తాను తురక, సేనాని తురక, బురుజు కట్టిన చేయి హిందువుది. గోలకొండ స్వభావమంతయు ఆ ఒక్క బురుజులో నున్నది.

1672లో సింహాసన మెక్కిన అబుల్ హసన్‌ను మన పెద్దలు తానీషా యందురు. ఆయన మంత్రులైన అక్కన్న మాదన్నలు హనుమకొండ ప్రాంతమువారు. వారి మేనల్లుడని చెప్పబడు కంచెర్ల గోపన్న ఈ కోటలోనే చెరనుండి రామదాసుగా తెలుగువారి నోట నిలిచెను. 1685లో మొగలు సేన హైదరాబాదు నగరమును పట్టి దోచుకొనెను. సుల్తాను కోటలో తలదాచుకొనెను. మరుసటి సంవత్సరము అక్కన్న మాదన్నలు హత్యకు గురియైరి. 1686 సెప్టెంబరులో బిజాపురము పడిపోయెను. ఇక మిగిలినది గోలకొండ ఒక్కటే.

1687 ప్రారంభమున ఔరంగజేబు స్వయముగా వచ్చి కోటను చుట్టుముట్టెను. ముట్టడి సుమారు ఎనిమిది మాసములు సాగెను. దినముల వ్యవధిలో ముగియుననుకొన్న పని వానకాలమును దాటెను. మొదటి దినములలోనే చక్రవర్తి సేనానులలో ప్రముఖుడైన ఖిలిచ్ ఖాను ఫిరంగి గుండు తగిలి మరణించెను. ఆయన సమాధి హిమాయత్ సాగరమునకు సమీపమున ఉన్నది. ఆయన మనుమడే తరువాత 1724లో దక్కనున స్వతంత్రుడై అసఫ్‌జాహీ వంశమును స్థాపించెను. ఒక వంశము పడిపోయిన యుద్ధముననే మరియొక వంశమునకు మూలపురుషుడు నేల కొరిగెను. ఈ విషయమును ఎరిగిన యాత్రికుడు ఆ మైదానమును చూచు చూపు వేరుగా నుండును.

ఒక రాత్రి మొగలు సైనికులు చడిచప్పుడు లేకుండ గోడ ప్రాకబోయిరి. కోటపై తిరుగు కుక్క ఒకటి మొరిగి కావలివారిని మేల్కొలిపెను. సుల్తాను ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించెనని ఆనాటి చరిత్రకారుడు ఖాఫీ ఖాను వ్రాసెను. జూన్ మాసమున గోడక్రింద సొరంగములు త్రవ్వి మందు కూరిరి. లోపలివారు దానిని పసిగట్టి, ఎదురు సొరంగములు త్రవ్వి, మందు తీసివేసి, నీరు పోసిరి. మిగిలిన మందు ప్రేలినప్పుడు రాళ్లు వెలుపలకే ఎగసి మొగలు సైనికులనే చంపెను. అంతలో కుంభవృష్టి కురిసెను. మంజీరా నది పొంగి ముట్టడిదారులకు ధాన్యము రాకుండ అడ్డుకొనెను. ఫిరంగులు బురదలో కూరుకొనెను. ఆకలి, అంటురోగము రెండు పక్షములను సమానముగా తినివేసెను. నగరమున ఇండ్లు శూన్యములైనవనియు, వీధులలోను నదిలోను శవములే కనబడెననియు చెప్పుదురు. ఈ యుద్ధమున చచ్చినవారిలో కత్తి పట్టనివారే చాలమంది యని మనము గ్రహింపవలెను.

చివరకు కోట ఫిరంగులవలన పడలేదు. 1687 సెప్టెంబరులో, తెల్లవారకమునుపు, అబ్దుల్లా పానీ యను ఉద్యోగి లంచమునకు లోబడి చిన్న వాకిలి ఒకటి తెరచెను. శత్రువులు లోనికి చొచ్చిరి. అప్పుడు అబ్దుర్ రజాక్ లారీ యను సేనాని కొద్దిమందితో వారి కెదురునిలిచి, డెబ్బదికి పైగా గాయములు తిని పడిపోయెను. ఆ విశ్వాసమును మెచ్చి ఔరంగజేబు తన వైద్యులచేతనే చికిత్స చేయించెను, లారీ బ్రతికెను. తానీషా మాత్రము తొణకక బెణకక, పట్టుకొనవచ్చినవారిని మర్యాదగా కూర్చుండబెట్టి, భోజనము ముగించి, వారి వెంట నడచెనందురు. దౌలతాబాదు కోటలో చెరయందే ఆయన జీవితము ముగిసెను. పూర్వుల సమాధులన్నియు ఇచ్చట నుండగా, ఆఖరి రాజు సమాధి మాత్రము దూరమున ఖుల్దాబాదులో నున్నది. ఈ తోటలో లేని ఆ సమాధియే ఈ తోటకు అసలు కథ చెప్పును.

యుద్ధము ముగిసిన పిమ్మట ఈ భూమి చాలకాలము అనాదరమునకు గురియైనది. 19వ శతాబ్దమున మొదటి సాలార్ జంగు మరమ్మతులు చేయించి, ప్రహరీ కట్టించి, తోట వేయించెను. పిమ్మట మరల చెట్లు మొలచినవి, గచ్చు రాలినది, 20వ శతాబ్దమున సున్నము స్థానమున సిమెంటు పూయబడినది. పాత రాతికట్టడమునకు సిమెంటు పూత మేలు చేయదు. సున్నపు గచ్చు గాలి పీల్చును, తేమను బయటికి వదలును. సిమెంటు తేమను లోపలనే బంధించును. గోడ లోలోపల పాడగును. పైకి చూచువారికి బాగున్నట్లే తోచును.

2013 జనవరిలో ఒక ఒడంబడిక జరిగినది. అందులో ఒక పక్షము ప్రభుత్వము, అనగా పురావస్తు శాఖయు, కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థయు. రెండవ పక్షము ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు. పనికి కావలసిన ధనములో కొంత టాటా ట్రస్టులు మొదలైన దాతలవలన వచ్చినది. ఒడంబడిక జరిగిననాడు ఉన్నది అవిభక్త ఆంధ్రప్రదేశము. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడినది. రాష్ట్రము మారినను పని ఆగలేదు. ఇది చిన్న విషయము కాదు. ప్రభుత్వములు మారినప్పుడెల్లను పాత పథకములు బీరువాలలోనికి పోవుట మనమెరిగినదే.

ఈ ఒడంబడికలో భూమి ప్రభుత్వమునదే, కట్టడములు ప్రభుత్వమువే. నైపుణ్యమును, పరిశోధనయు, ధనములో పెద్దభాగమును రెండవ పక్షమువి. సిమెంటు ఊడదీసి సున్నపు గచ్చు మరల వేసిరి. రాతిపనివారు, గచ్చుపనివారు సంవత్సరముల తరబడి ఇచ్చట పనిచేసిరి. మరుగునపడుచున్న చేతిపని మరల కూలినిచ్చు పనియైనది. పెద్ద బావి పార్శ్వమొకటి వానలకు కూలియుండగా దానిని తిరిగి కట్టిరి. ఆ బావిలో మరల నీరు నిలిచినది. గోలకొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. 2024 జూలైలో ఈ పని ముగిసినట్లు ప్రకటించి, ఆవరణను ప్రభుత్వమునకు అప్పగించు ఉత్సవము జరిపిరి.

సందర్శక కేంద్రము సంగతి దీనికి అనుబంధము. కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ 2017లో స్వదేశ్ దర్శన్ పథకము క్రింద, కుతుబ్ షాహీ ఉద్యానము మొదలుకొని పైగా సమాధులు, హయత్ బక్షీ మసీదు, రేమండు సమాధి వరకు గల చోట్లకు సుమారు 97 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఉద్యానపు వాకిట యాత్రికులకు చరిత్రను బోధించు కేంద్రమును నిర్మించుట ఈ తలపులలో ముఖ్యమైనది. అనగా కట్టడముల మరమ్మతు దాతల ధనముతోను, యాత్రికుల సౌకర్యము ప్రజల పన్నుల ధనముతోను, రెండింటి రూపకల్పన నిపుణుల సంస్థ చేతను జరుగుటకు ఏర్పాటైనది.

ఇట్టి కలయిక మనకు క్రొత్తదని కొందరు తలంతురు. అది పొరపాటు. దీనికి మన దేశమున పూర్వమే ఒక పేరున్నది: దశబంధము. ఊరిలో ధనవంతుడొకడు తన సొమ్ముతో చెరువు త్రవ్వించినను, తెగిన కట్ట పోయించినను, ఆ చెరువు క్రింద సాగగు నేలలో పదియవ వంతు ఫలమును అతనికి మాన్యముగా ఇచ్చెడివారు. చెరువు మాత్రము అతనిది కాదు, ఊరిది. పైగా ఆ మాన్యమునకొక షరతు కలదు: కట్టను, తూమును ఎల్లప్పుడును బాగుచేయించుచుండవలెను. బాగుచేయుట మానినచో మాన్యము పోవును. ధనికుని సొమ్మునకు గౌరవము, ఊరి హక్కునకు భద్రత, రెండును ఒకే పత్రములో ఇమిడియున్నవి. నేడు పెద్ద పెద్ద మాటలతో వ్రాయు ఒప్పందములకు ఇంతకంటె మంచి ఆదర్శము మేము ఎరుగము.

ఇతర దేశముల అనుభవము కూడ కొంత చూతము. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున గెటిస్‌బర్గు అను చోట 1863 జూలై 1, 2, 3 తేదీలలో వారి అంతర్యుద్ధమునందలి ఘోరసంగ్రామము జరిగినది. చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకపోయినవారు కలిసి సుమారు 51,000 మంది యని లెక్క. ఆ యుద్ధభూమి చెంత 1974లో ఒక వ్యాపారి 300 అడుగులకు మించిన ఉక్కు గోపురము నిలబెట్టెను. టిక్కెట్టు కొని పైకెక్కి యుద్ధభూమిని చూడవచ్చును. ప్రజలు, ప్రభుత్వాధికారులు వలదన్నను ఆ కట్టడము ఆగలేదు. వీరుల సమాధుల నడుమ ఎటు చూచినను ఆ గోపురమే కంటబడుచుండెను. చివరకు ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని 2000 జూలై 3న, యుద్ధము ముగిసిన తేదీనాడే, కూల్చివేసినది.

ఆ చోటనే మరియొక ప్రయత్నము వేరు విధమున నడచినది. ప్రభుత్వ ఉద్యానశాఖకును, లాభాపేక్ష లేని ఒక ఫౌండేషనుకును ఒడంబడిక కుదిరినది. ఫౌండేషను చందాలు సేకరించి, 10 కోట్ల డాలర్లకు పైబడిన వ్యయముతో క్రొత్త సందర్శక కేంద్రమును నిర్మించి 2008 ఏప్రిలులో తెరచినది. దానిని పోరు ముమ్మరముగా సాగిన చోట కాక, కొంత ఎడముగా కట్టిరి. సేనలు నిలిచిన చోటనే పూర్వము కట్టియున్న పాత భవనములను తరువాత తొలగించిరి. ఆ భవనములలో ఒకటి పేరుపొందిన శిల్పి కట్టినది కావున దానిని కూల్చుటకు అభ్యంతరములును వచ్చినవి. అయినను నేల తన పూర్వరూపమును కొంత తిరిగి పొందినది.

అయితే అచ్చటను చిక్కులు లేకపోలేదు. మొదట ప్రదర్శనశాలకు రుసుము లేదనిరి. చూపించు చలనచిత్రమునకు మాత్రమే టిక్కెట్టు. ఆదాయము చాలకపోగా, తెరచిన సంవత్సరముననే అన్నింటికిని కలిపి రుసుము పెట్టిరి. కట్టుటకు చందా దొరకును; నడుపుటకు దొరకుట కష్టము. దాత పలకమీద పేరు వ్రాయించుకొనుటకు ఇష్టపడును గాని, పది సంవత్సరముల తరువాత కారు పైకప్పునకు ధనమిచ్చు దాత అరుదు. దశబంధము వ్రాసిన మన పెద్దలకు ఈ సంగతి తెలియును. కనుకనే మరమ్మతు షరతు మొదటనే పెట్టిరి.

ఇంటిదగ్గరి ఉదాహరణము ఇంకొకటి. 2017లో కేంద్రప్రభుత్వము చారిత్రక స్థలములను సంస్థలు 'దత్తత' తీసికొను పథకమొకటి ప్రారంభించెను. 2018 ఏప్రిలులో దాల్మియా భారత్ అను సిమెంటు వ్యాపార సంస్థ ఢిల్లీలోని ఎఱ్ఱకోటకును, కడప జిల్లాలోని గండికోటకును సౌకర్యములు కల్పించుటకు అయిదు సంవత్సరములలో 25 కోట్ల రూపాయలు వెచ్చించుటకు ఒప్పుకొనెను. దేశమంతటను గగ్గోలు పుట్టినది. ఎఱ్ఱకోటను అమ్మివేసిరని కొందరనిరి. అమ్మకము కాదు, లాభము తీయుటకు వీలులేదు, త్రాగునీరు, మరుగుదొడ్లు, దారులు, దీపములు మొదలగు వసతులే ఏర్పరతురని ప్రభుత్వము సమాధానము చెప్పినది. గండికోట కూడ యుద్ధభూమియే యని ఆ గొడవలో జ్ఞాపకము చేసికొన్నవారు తక్కువ. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని చినతిమ్మ నాయునివద్దనుండి ఆ కోటను గెలుచుకొనెను. రెండు సంవత్సరముల తరువాత ఫ్రెంచి వజ్రవర్తకుడు తావెర్నియే అచ్చట మీర్ జుమ్లాను చూచి తన యాత్రాగ్రంథమున వర్ణించెను. గోలకొండ ఒకచోట ముట్టడించినది, మరియొకచోట ముట్టడింపబడినది. చరిత్ర ఎవరిని ఒకే పాత్రలో ఉంచదు.

ఆ గగ్గోలులో అతిశయోక్తి ఉండవచ్చును. కాని దాని అడుగున న్యాయమైన భయమొకటి కలదు. నీరిచ్చినవాని పేరు పలకమీద నుండుట తప్పు కాదు. నీరిచ్చితినను హక్కుతో అతడు కథను కూడ తానే చెప్పుదుననినచో తప్పు. ఈ భయము వ్యాపారిని గూర్చి మాత్రమే కాదు. ప్రభుత్వమును గూర్చియు అంతే. అధికారములో నున్నవారు తమకు నచ్చిన రాజును పెద్ద అక్షరములతోను, నచ్చని రాజును చిన్న అక్షరములతోను వ్రాయించు ప్రమాదము ఎక్కడనైనను కలదు. వ్యాపారి కథను తీయబరచును. ప్రభుత్వము కథను తనవైపు త్రిప్పును. కావున తూము కర్రను ఒక్కరి చేతిలో నుంచరాదు. ఇరు పక్షములు కలిసి పట్టుకొనుటలోని అసలు ప్రయోజనము ధనము కాదు. ఒకరి చేతిని మరియొకరు కనిపెట్టియుండుట.

ఈ దృష్టితో చూచినచో గోలకొండ వంటి చోట నిర్మించు కేంద్రమునకు నాలుగు నియమములు కావలెనని మాకు తోచినది.

మొదటిది: కేంద్రము యుద్ధభూమిని మ్రింగరాదు. భవనము వాకిటనే ఆగవలెను. లోపల కంటికి సమాధులు, కోటగోడ, నడుమ ఖాళీనేల మాత్రమే కనబడవలెను. ఫిరంగి నిలిచిన చోటునుండి బురుజు కనబడనిచో ఎన్ని బొమ్మలు వేసినను యుద్ధము అర్థము కాదు.

రెండవది: కథ రెండు పక్షములను చెప్పవలెను. లారీ గాయములను, అబ్దుల్లా పానీ ద్రోహమును చెప్పినట్లే, పొంగిన మంజీరకు ఇవతల ఆకలితో పడియున్న మొగలు సిపాయి సంగతియు చెప్పవలెను. బురుజు కట్టిన ధర్మాచారి పేరు సేనాని పేరు ప్రక్కన ఉండవలెను. ముట్టడి ఎనిమిది మాసములలో నగరవాసులేమైరో తెలుపవలెను. యుద్ధమును రెండు మతముల పోరుగా చెప్పుట చరిత్రకు ద్రోహము: ముట్టడించినవాడును ముసల్మానే, ముట్టడింపబడినవాడును ముసల్మానే, ఇరువైపుల కొలువులలోను హిందువులుండిరి.

మూడవది: భాష. ఇచ్చట నిద్రించుచున్న ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. ఆ కొలువునకు చెందిన అమీనుఖానునకు పొన్నగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రమును అంకితమిచ్చెను. అట్టి రాజు సమాధివద్ద తెలుగు పలక చిన్నదై, ఇంగ్లీషు పలక పెద్దదై యుండరాదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడును ఒకే పరిమాణమున నుండవలెను. తెలుగు పాఠము ఇంగ్లీషునకు అనువాదమై కాక, తెలుగు బిడ్డకు నేరుగా చెప్పినట్లుండవలెను.

నాల్గవది: మరమ్మతు. ఎవరు కట్టిరను పలకతోపాటు ఎవరు బాగుచేయుదురో, ఆ ధనమెక్కడనుండి వచ్చునో, లెక్క ఎవరు చూతురో ప్రజలకు తెలియునట్లు వ్రాసి పెట్టవలెను. రుసుము పెట్టినచో బడిపిల్లలకు, చుట్టుప్రక్కల బీదలకు ఉండరాదు. గెటిస్‌బర్గువారు తరువాత తెలిసికొన్నది మనము ముందే తెలిసికొనవచ్చును.

ఈ నియమములు గోలకొండకు మాత్రమే కావు. తెలుగునేలపై ఇట్టి స్థలములు ఇంకను ఉన్నవి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు చుట్టుముట్టిన బొబ్బిలి కలదు. 1758 డిసెంబరులో ఇంగ్లీషువారును ఫ్రెంచివారును పోరాడిన చందుర్తి కలదు. 1794 జూలై 10న విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ప్రాణము లొడ్డిన పద్మనాభము కలదు. వీనిలో ఏ చోటనైనను ఒక దాత ముందుకు వచ్చి, ఒక కచేరి తలుపు తెరచినచో, ఒప్పంద పత్రము వ్రాయువారికి గోలకొండ అనుభవము చేతిపుస్తకమగును.

సాయంకాలము తోట మూయువేళ మేము పెద్ద బావివద్ద కొంతసేపు కూర్చుంటిమి. మెట్ల అడుగున నీరు నిశ్చలముగా నుండెను. ఒక తండ్రి తన కుమారునకు కోటను చూపి, అక్కడనుండి ఇక్కడకు గుండు వచ్చునా యని ఆ బాలుడడిగిన ప్రశ్నకు జవాబు తోచక మావైపు చూచెను. అటునుండి ఇటును, ఇటునుండి అటును వచ్చెనని మేము చెప్పితిమి. అట్లయిన గెలిచినదెవరని బాలుడు మరల అడిగెను. ఎనిమిది నెలల ఆకలిని, తెరచిన వాకిలిని, ఇక్కడ లేని సమాధిని ఒక్క మాటలో చెప్పుట మాచేత కాలేదు. సందర్శక కేంద్రమనునది ఆ బాలుని ప్రశ్నకు ఓపికగా, అబద్ధమాడక జవాబు చెప్పు పెద్దమనిషి వంటిది. అట్టి పెద్దమనిషిని కూలికి కుదుర్చుకొనుటకు ధనమెవరిచ్చినను సరే; అతడు మాత్రము ఎవరి నౌకరును కారాదు.

తిరిగి తూంకుంట చేరుసరికి చీకటిపడినది. మన పల్లెలలో తూమును కాచుటకు పూర్వము నీరటియని ఒక మనిషి యుండెడివాడు. అతడు చెరువునకు యజమాని కాడు, పొలములకును యజమాని కాడు. ఊరివారు కొలిచియిచ్చిన ధాన్యము తిని, పైమడికిని క్రిందిమడికిని వంతు తప్పక నీరు విడుచుట అతని వృత్తి. వంతు తప్పిన నీరటిని ఊరు నిలదీసెడిది. మన పూర్వుల కథయను నీటికిని అట్టి నీరటి కావలెను. అతనిని నిలదీయు ఊరును కావలెను. ఒప్పంద పత్రములు ప్రభుత్వము వ్రాయును, ధనము దాత యిచ్చును. నిలదీయు పని మాత్రము రేడియో చుట్టు కూర్చుండి ఈ మాటలు వినుచున్న మనది.